శిశుసంరక్షణ వ్యయము ఎవరిది?

బిడ్డను కనుట తల్లి వంతు, పెంచుట కుటుంబము వంతు, చదివించుట రాజ్యము వంతు అని లోకము మూడు పాళ్లుగా పంచుకొనియున్నది. మొదటి పాలును గూర్చి వైద్యులును, మూడవ పాలును గూర్చి ఉపాధ్యాయులును పెక్కు వ్రాసియున్నారు. నడిమి పాలు మాత్రము ఎవ్వరి లెక్కలోను చేరక మిగిలినది. బాలింతదనము తీరినది మొదలు బడిలో పేరు వ్రాయించువరకు గల అయిదారేండ్ల కాలమున, తల్లి పనికి పోయినప్పుడు బిడ్డను ఎవరు చూడవలెను? చూచినవారికి కూలి యెవరు ఇయ్యవలెను? ఈ ప్రశ్నకు మన దేశమున ఒక చరిత్ర కలదు. ఆ చరిత్ర తెలియనిదే నేటి సహాయములు ఏల ఒకరికి నిండుగను, ఒకరికి సున్నగను పంచబడుచున్నవో బోధపడదు.

సికిందరాబాదునకు ఉత్తరముగా, బొల్లారము కంటోన్మెంటునకు చేరువనున్న మచ్చ బొల్లారమును ఉదాహరణముగా గ్రహింతము. ఇది యొకప్పుడు పల్లె. పిదప అల్వాలు పురపాలకములో భాగము. 2007వ సంవత్సరమున అల్వాలుతోపాటు మహానగరపాలకసంస్థలో కలిసినది. ఒకవైపు మేడ్చలు కర్మాగారములు, మఱియొకవైపు శామీర్‌పేట ప్రాంతమున టీకాలును ఔషధములును చేయు జీనోమ్ వ్యాలీ, నడుమ నానాటికి లేచుచున్న మేడలు. ఇట్టి చోట ఉదయమున పనికి బయలుదేరు తల్లులను మూడు తెగలుగా చూడవచ్చును. ఒకామె ప్రభుత్వోద్యోగిని. ఒకామె కర్మాగారమున కూలి. మూడవయామె నాలుగిండ్లలో అంట్లు తోమి బట్టలుతుకునది, లేదా కట్టుచున్న మేడకు ఇటుకలు మోయునది. ముగ్గురి బిడ్డలకును ఆకలి యొక్కటే, నిద్ర యొక్కటే, జ్వరము ఒక్కటే. కాని చట్టము కంటికి ఆ ముగ్గురును వేఱువేఱు.

ఇంట అవ్వ యుండగా ఖర్చేమి యని అడుగువారు కలరు. అవ్వ యున్న యిండ్లు తఱిగినవి. పాలమూరు నుండియు, ఒడిసా నుండియు కూలికి వచ్చినవారి అవ్వలు స్వగ్రామములలోనే యుండిపోయిరి. అవ్వ లేనిచోట చంటిబిడ్డను అక్క యెత్తుకొనును. ఆ అక్కకు ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో యుండును. బడిలో హాజరుపట్టీ పిలుచు ఉపాధ్యాయునికి ఈ సంగతి క్రొత్తది కాదు: వారమున మూడు దినములు రాని బాలికను కారణమడిగిన, "తమ్ముని చూచుకొంటి" ననును. కావున శిశుసంరక్షణకు ఖర్చు లేదనుట పొరపాటు. ఖర్చు కలదు; దానిని ఆ బాలిక తన చదువుతో చెల్లించుచున్నది.

మన పూర్వులు ఈ విషయమును బొత్తిగా తలపలేదని చెప్పరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము జనపదనివేశమును చెప్పు ప్రకరణమున బాలురను, వృద్ధులను, ఆపన్నులను, అనాథలను రాజు భరింపవలెనని విధించి, దిక్కులేని గర్భిణిని, ఆమె కన్న బిడ్డలను గూడ ఆ జాబితాలో చేర్చినది. ఇది గొప్ప మాటయే. కాని ఇందు "దిక్కులేని" యను విశేషణమును గమనింపవలెను. మగడుండి, ఒడలు వంచి పనిచేసి, తన సంపాదనతో ఇల్లు నడుపు తల్లికి ఆ వాక్యమున చోటు లేదు. సహాయమనగా అనాథకు పెట్టు అన్నము అను భావము వేల యేండ్లు మన మనస్సులలో నిలిచిపోయినది.

ఆంగ్లేయుల కాలమున బొల్లారము హైదరాబాదు కంటింజెంటు సేనకు విడిదియైనది. సేనతో దొరల బంగళాలు, బంగళాలతో ఆయాలు వచ్చిరి. ఆయా యను మాట పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. దొరసాని బిడ్డను ఆడించుట పనియే యని, ఆ పనికి జీతమియ్యవలెనని ఆ బంగళాలు ఒప్పుకొన్నవి. కాని ఆ జీతము కొఱకు ఆయా తన గుడిసెలో విడిచి వచ్చిన బిడ్డకు ఆయా యెవరు? ఈ ప్రశ్న ఏ జీతపు పుస్తకమునకును ఎక్కలేదు.

దీనికి మొదటి సమాధానము పారిసు నగరమున పుట్టినది. 1844వ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఫిర్మిన్ మార్బో అను న్యాయవాది షైయో పేటలో కూలి స్త్రీల బిడ్డలకై ఒక శాలను తెఱపించెను. దానికి క్రెష్ అని పేరు పెట్టిరి. ఫ్రెంచి భాషలో ఆ మాటకు పశువుల మేతతొట్టి యని యర్థము. యేసుక్రీస్తు శైశవమున పరుండిన తొట్టి యని క్రైస్తవులకు పవిత్రము. తల్లి దినమునకు 20 సాంతీములు చెల్లించును; మిగిలిన ఖర్చు దాతలు భరింతురు. ఇందొక సూత్రము దాగియున్నది. తల్లి కొంత ఇచ్చుటచే అది బిచ్చము కాదు. సంఘము కొంత ఇచ్చుటచే అది ఆమె యొక్కతె భారమును కాదు.

ఈ శిశుశాల మన దేశపు చట్టములోనికి కర్మాగారముల ద్వారమున ప్రవేశించినది. భారతీయ కార్మికుల స్థితిని విచారించిన రాజకీయ సంఘము, విట్లీ అధ్యక్షతన, 1931లో తన నివేదికను ప్రకటించెను. పనికి పోవు తల్లులు బిడ్డ ఏడువకుండుటకై నల్లమందు పెట్టి నిద్రపుచ్చుచున్నారను దారుణమును ఆ నివేదిక లోకమునకు చాటినది. స్త్రీలు ఎక్కువగా పనిచేయు కర్మాగారములలో శిశుశాలలు ఉండవలెనని సిఫారసు చేసినది. దానివెనుక వచ్చిన 1934వ సంవత్సరపు కర్మాగార చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకు ఒక గది యుంచునట్లు నియమములు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చినది. స్వతంత్ర భారతమున 1948వ సంవత్సరపు చట్టము దానిని యజమానికి నిర్బంధవిధిగా చేసినది. సంఖ్య మాత్రము అదే: ఏబది. 1976లో దానిని ముప్పదికి తగ్గించిరి. భవననిర్మాణ కార్మికులకై 1996లో వచ్చిన చట్టమున మరల ఏబదిమంది స్త్రీలకు మించిననే శిశుశాల.

ఈ సంఖ్య చేసిన పని యేమో యోచింపుడు. ఒక కర్మాగారమున ముప్పదిమంది స్త్రీలున్నారు. ముప్పదియొకటవ స్త్రీని చేర్చుకొనిన, యజమాని గది కట్టవలెను, ఆయాను పెట్టవలెను, పాలు పోయవలెను. ఆ స్థానమున ఒక పురుషుని చేర్చుకొనిన ఈ బాధ లేదు. తల్లికి మేలు చేయుటకు వ్రాసిన విధియే ఆమెను గడపవద్ద నిలుపుటకు హేతువు కాగలదు. స్త్రీలను లెక్కించు చట్టము, స్త్రీలు తక్కువగుటకు యజమానికి ఆశ చూపినది. గనుల చట్టము మాత్రము వేఱు త్రోవ త్రొక్కినది. 1952వ సంవత్సరపు ఆ చట్టము, స్త్రీలు పనిచేయు గనులలో, వారెందఱైనను సరే, బిడ్డలకు గది యుంచునట్లు నియమములు చేయుటకు అవకాశమిచ్చినది. అచట ఏబది యను కంచె లేదు.

యజమాని యొక్కడే ఎందులకు మోయవలెనను ప్రశ్నను డాక్టరు అంబేద్కరు 1928లోనే బొంబాయి శాసనసభలో ఎత్తెను. ప్రసవసహాయపు బిల్లును సమర్థించుచు ఆయన, తల్లికి విశ్రాంతినిచ్చుట జాతికి మేలు గనుక ఆ భారములో పెద్దపాలు ప్రభుత్వము వహింపవలెననియు, అయినను స్త్రీల చేత పనిచేయించుకొని లాభపడు యజమాని బొత్తిగా తప్పించుకొనరాదనియు వాదించెను. 1948లో ఏర్పడిన ఉద్యోగుల రాజ్యబీమా ఈ భావమునకు కొంత రూపమిచ్చినది: యజమానులును కార్మికులును చెల్లించు ఉమ్మడి నిధినుండి ప్రసవకాలపు వేతనము వచ్చును. అందుచే ఒక స్త్రీ గర్భము ధరించిన ఆ యొక్క యజమాని సంచి తేలిక కాదు. ప్రసవమునకు తట్టిన ఈ యుక్తి శిశుశాలకు ఎవ్వరికిని తట్టలేదు.

కర్మాగారము వెలుపలనున్న తల్లుల కొఱకు మొదట పాటుపడినవారిలో మన తెలుగు మహిళయే ముఖ్యురాలు. రాజమహేంద్రవరమున పుట్టి, ఆంధ్రమహిళాసభను స్థాపించిన దుర్గాబాయమ్మగారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. స్వచ్ఛంద సంఘములకు ప్రభుత్వము గ్రాంటు ఇచ్చి, వాని చేత బాలవాడులు మున్నగునవి నడిపించు పద్ధతి ఆమె కాలమున దేశమంతట వ్యాపించినది. అదే కాలమున మహారాష్ట్రమున తారాబాయి మోడక్ అను విద్యావేత్త, గిరిజనుల బిడ్డలు బడికి రాకున్న బడియే వారి ముంగిటికి పోవలెనని నిశ్చయించి, ఆ పద్ధతికి అంగన్‌వాడి యని పేరు పెట్టెను. అంగణమనగా ముంగిలి, వాడి యనగా తోట. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన 33 చోట్ల ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఈ పేరునే గ్రహించెను. తెలంగాణమున నేడు 35,700 అంగన్‌వాడి కేంద్రములు కలవు. గర్భిణులకును బాలింతలకును ఒక పూట నిండుభోజనము పెట్టు ఆరోగ్యలక్ష్మి 2015లో వీనిద్వారానే మొదలైనది.

అంగన్‌వాడి చేసిన మేలును తక్కువచేసి చెప్పువాడు కృతఘ్నుడు. కాని అది తిండిని, టీకాను, మూడేండ్లు నిండిన బిడ్డలకు ఆటపాటలను ఉద్దేశించినది. తల్లి పనివేళను ఉద్దేశించినది కాదు. మూడేండ్లలోపు బిడ్డకు నెలకొక బాలామృతము పొట్లము ఇంటికి వచ్చును. పొట్లము వచ్చును గాని దానిని కలిపి తినిపించు చేయి రాదు. పనికి పోవు తల్లుల బిడ్డలకై 2006లో రాజీవుగాంధీ పేర నొక శిశుశాలల పథకము సాగినది. తరువాత దానిలో పేదకుటుంబమునకు నెలకు 20 రూపాయలు, నెలసరి ఆదాయము 12,000 వరకు గలవారికి 100, అంతకు మించినవారికి 200 రూపాయలు రుసుముగా నిర్ణయించిరి. మార్బో సూత్రమే ఇది. ఇంత చవుకగా దొరకిన సహాయము పెరుగవలసినది. కాని ఒకప్పుడు దేశమున 20,000 దాటియుండిన ఆ శాలలు 2020 నాటికి 7,000 లోపునకు దిగిపోయెను.

ఇక నగదు సహాయమును చూతము. ఇంగ్లండున ఎలినార్ రాత్‌బోన్ అను విదుషి ఒక్కటే మాట చెప్పుచు వచ్చెను: బిడ్డలను పెంచుట సంఘమునకు చేయు సేవ గనుక సంఘము దానికి ధనమియ్యవలెను, ఆ ధనము తల్లి చేతికే అందవలెను. మన దేశపు బాల్యవివాహములను ఖండించుచు పుస్తకము వ్రాసిన యామెయు ఈమెయే. 1945లో కుటుంబభృతి చట్టము వచ్చినప్పుడు డబ్బును తండ్రికి చెల్లింప తలపెట్టగా, ఆమె పోరాడి తల్లి పేరునకు మార్పించెను. మొదటి బిడ్డకు గాక, తరువాతి ప్రతి బిడ్డకును వారమునకు 5 షిల్లింగులు. 1946 ఆగస్టున చెల్లింపు మొదలగు నాటికి ఆమె గతించెను.

తల్లి చేతికే యను ఆ మాట తెలుగునేలకును వచ్చినది. తెలంగాణమున 2017 జూనులో మొదలైన కె.సి.ఆర్. కిట్టు పథకమున, ప్రభుత్వ వైద్యశాలలో ప్రసవించిన తల్లికి విడతలుగా 12,000 రూపాయలు, ఆడుబిడ్డయైన 13,000 ఇయ్య నిశ్చయించిరి. ఆంధ్రప్రదేశమున 2020 జనవరిలో అమ్మఒడి వచ్చినది. బిడ్డను బడికి పంపు తల్లికి ఏడాదికి 15,000. అది తల్లికి ఒక్క బిడ్డకే. 2025 జూనులో దాని స్థానమున వచ్చిన తల్లికి వందనము ఎందఱు బిడ్డలు చదివిన అందఱికిని వర్తించినది. 15,000లో 2,000 బడుల నిర్వహణకు నిలిపి 13,000 తల్లి ఖాతాలో వేసిరి. ఈ పథకముల మొదలు తుదలు గుర్తింపుడు. ఒకటి పుట్టుకను అంటియున్నది. ఒకటి ఒకటవ తరగతి మొదలు లెక్క పెట్టును. నడుమనున్న అయిదారేండ్లు ఖాళీ. మన రాజ్యాంగమే ఈ గీత గీచియున్నది. 2002 నాటి 86వ సవరణము ఆరేండ్లు నిండిన బిడ్డకు విద్యను హక్కుగా నిచ్చి, ఆరేండ్లలోపు బిడ్డకు మాత్రము రాజ్యము "ప్రయత్నింపవలె"నని ఊరకొన్నది.

ఇప్పుడు మచ్చ బొల్లారపు ముగ్గురు తల్లులను మరల పిలువవచ్చును. మొదటియామె కేంద్రప్రభుత్వోద్యోగిని యైనచో, బిడ్డలను చూచుకొనుటకై ఉద్యోగకాలమున 730 దినముల సెలవు కలదు. 2008 నుండి అమలునందున్న హక్కిది. పిల్లల చదువునకై 2017 జూలై నుండి బిడ్డకు నెలకు 2,250 రూపాయలును, 2024 జనవరి నుండి 2,812 రూపాయల 50 పైసలును వచ్చుచున్నవి. ఒకటవ తరగతికి ముందరి రెండేండ్లును ఇందు చేరును. రెండవయామెకు 2017వ సంవత్సరపు సవరణచే 26 వారముల ప్రసవపు సెలవును, ఏబదిమంది ఉద్యోగులున్న చోట శిశుశాలయు, పనివేళలో నాలుగుమారులు బిడ్డను చూచివచ్చు హక్కును కలిగెను. ఈ చట్టమున ఒక మంచి మార్పు జరిగినది: స్త్రీలను గాక, స్త్రీపురుషులందఱిని కలిపి లెక్కించిరి. ముప్పదియొకటవ స్త్రీని గడపవద్ద నిలుపు హేతువు తొలగినది. 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చిన సాంఘిక భద్రతా స్మృతియు ఈ పద్ధతినే నిలిపినది. కాని ఏబది యను సంఖ్య పోలేదు. నాలుగిండ్లలో పనిచేయు మూడవయామెకు నలుగురు యజమానులు; ఒక్కొక్క యజమానికి పనివారు ఒక్కరు. నాలుగొకట్లు ఎన్నటికిని ఏబది కావు. ఆమె వంతునకు బిడ్డ పుట్టినప్పటి సొమ్మును, నెలకొక బాలామృతము పొట్లమును తప్ప మఱేమియు లేదు. ఎవరి సంపాదన అధికమో వారికే సహాయమును అధికమైనది.

తల్లి బిడ్డను విడిచి పనికి పోనేల యని కొందఱు పెద్దలు ఆక్షేపింతురు. ఈ మాట అనువారి యింట అంట్లు తోమునది ఎవరో ముందు చూడవలెను. తల్లి పనికి పోరాదనువారు ఆమె పనిని కోరుట మానియుండలేదు. డబ్బిచ్చిన మగడు త్రాగివేయునని కొందఱందురు. అందులకే రాత్‌బోన్ తల్లి పేరు వ్రాయించినది. అయినను నగదు ఒక్కటే చాలదనుట నిజము. వీథిలో శిశుశాలయే లేనప్పుడు, చేతిలో డబ్బుండియు తల్లి బిడ్డను ఎక్కడ దింపగలదు? చోటు ముందు, సొమ్ము దాని వెంట.

ఆ చోటును ఎట్లు లెక్కింపవలెనో మన తెలుగునేలనే ఆరంభమైన ఒక పథకము చూపినది. 2006వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడిన గ్రామీణ ఉపాధి హామీ పథకమునకు మూలమైన 2005 నాటి చట్టము ఇట్లు విధించినది: పనిచోటికి ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురో అంతకు మించియో వచ్చినచో, ఆ కూలి స్త్రీలలో ఒకరిని వారిని చూచుటకు నియమింపవలెను; ఆమెకును కూలి ఇయ్యవలెను. ఆచరణమున ఇది ఎన్నోచోట్ల కాగితముననే యుండవచ్చును. కాని ఆ వాక్యములో రెండు సత్యములున్నవి. అది తల్లులను గాక బిడ్డలను లెక్కించినది. బిడ్డను చూచుట కూలికి తగిన పనియని ఒప్పుకొన్నది. ఆ చట్టము గ్రామములకే పరిమితము. నగరములో కలిసిన మచ్చ బొల్లారమునకు అది అందలేదు. పట్టణమునకు కావలసిన చట్టము ఈ వాక్యమునుండియే మొలవవలెను.

చేయవలసినది అసాధ్యము కాదు. అంగన్‌వాడి కార్యకర్తల చేతిలో ప్రతి వీథి కుటుంబముల వివరములును ఉన్నవి. ఏ వీథిలో పనికి పోవు తల్లుల బిడ్డలు ఎందఱో వానినుండి తేల్చవచ్చును. 2022లో పాల్నా యను పేర, అంగన్‌వాడితో కలిపి శిశుశాలలు తెఱచు పథకమొకటి వచ్చినది. నెలకు 26 దినములు, దినమునకు ఏడున్నర గంటలు నడుపవలెనని దాని నియమము. దేశమంతటికిని 17,000 శాలలు లక్ష్యము. మన పేటకు ఒకటి కావలెనని అడుగుట పౌరుల పని. అడుగునప్పుడు వేళను గూడ అడుగవలెను. ఉదయము ఆరింటికి ఇంటిపనికి పోవు తల్లికి తొమ్మిదింటికి తెఱచు తలుపు మూసినదానితో సమానము. కట్టడముల వ్యయముపై నూటికొక రూపాయి చొప్పున కార్మికసంక్షేమమునకు సుంకము వసూలగుచున్నది; ఇటుకలు మోయు తల్లి బిడ్డకు అందులో న్యాయమైన పాలు కలదు.

మిగిలినది గృహస్థుల వంతు. మనము ఏబదిమందిని పెట్టుకొనిన యజమానులము కాము; ఒక్కరిని పెట్టుకొనినవారము. అందుచే చట్టము మనలను ముట్టదు. కాని ఒక మేడలసముదాయమున 150 ఇండ్లున్నవనుకొందము. ఇంటికి నెలకు 200 రూపాయలు వేసిన 30,000 అగును. ఇద్దఱు స్త్రీలకు చెఱి 15,000 జీతమునకు అది సరిపోవును. ప్రతి సముదాయమునను పండుగలకును సభలకును కట్టిన గది యొకటి ఉండును; పగటివేళ దానికి తాళము వేసియుండును. ఆ తాళము తీసినచో చోటును దొరకినది. తల్లులు తమ శక్తికొలది ఇరువదియో ముప్పదియో ఇత్తురు. ఇచ్చుటచే అడుగు హక్కును కలిగియుందురు. ఇది పండుగనాడు పెట్టు పాతచీర వంటి దానము కారాదు. జీతములో భాగమై, నెల మొదట చెల్లవలసిన బాకీ కావలెను.

చట్టము ఏబది వఱకు లెక్కపెట్టుట నేర్చినది. ఒకటి నుండి లెక్కపెట్టుట దానికి నేర్పవలసినవారము మనము. ఈ నెల జీతమిచ్చునప్పుడు, మన యింట పనిచేయు అమ్మను, ఆమె బిడ్డ పగలెల్ల ఎవరి యొద్ద నుండునని ఒక్కమాట యడుగుదము.